ఈ మధ్య చదివినవి: బందరు అద్దకం, కోనసముద్రం ఉక్కు, ఇంకా దారిలో తగిలినవి

పాతకాగితం | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా ఇక్కడ రాజకీయం తప్ప ఇంకేం కనబడట్లేదు. కాసేపు చదువు గురించి మాట్లాడుకుందామా?

ఈ మధ్య నన్ను బాగా పట్టేసినవి కోరమాండల్ తీరపు అద్దకం బట్టల గురించి ఫ్రెంచివాళ్ళు రాసి పెట్టుకున్న కాగితాలు. 1742లో కేర్దూ అనే జెసూట్ పాదరీ ఇక్కడి నుంచి ఫ్రాన్సుకి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. బట్ట మీద బొమ్మ ఎలా వేస్తారో, రంగు ఎలా నిలుస్తుందో మొదటి నుంచి చివరిదాకా అందులో ఉంది. గుడ్డని ముందు కరక్కాయ పొడి కలిపిన గేదె పాలల్లో ముంచి ఆరబెడతారు. చెక్కతో బాది నునుపు చేస్తారు. చిల్లులు పొడిచిన కాగితం మీద బొగ్గుపొడి దులిపి బొమ్మ దించుతారు. నల్ల గీతలకి ఇనుప నీళ్ళు, ఎర్రగా రావాల్సిన చోట పటిక నీళ్ళు. నీలం కావాలంటే మిగతా గుడ్డంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. ఆ మైనం వదలగొట్టి మళ్ళీ ఎరుపు పని మొదలుపెట్టాలి. ఆకుపచ్చ అనే రంగే వాళ్ళ దగ్గర లేదు, నీలం మీద పసుపు వేస్తే అదే ఆకుపచ్చ.

దానికంటే కొంచెం ముందు, 1734 ప్రాంతంలో, బోల్యూ అనే నౌకాదళ అధికారి ఇంకో పని చేశాడు. పాండిచ్చేరిలో పని దగ్గరే కూర్చుని, ఒక్కో దశ అయ్యాక ఒక్కో గుడ్డ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఫోటోలు వరసగా చూస్తుంటే తెల్లగుడ్డ పువ్వులగుడ్డ అవుతున్నట్టే ఉంటుంది.

రాజుల వరసలూ యుద్ధాల తేదీలూ చదివి విసుగొచ్చింది. ఒక పని నిజంగా ఎలా జరిగేదో చెప్పే రచనలు మీరు ఈ మధ్య ఏమైనా చదివారా? పాతవైనా కొత్తవైనా సరే.

బందరు_బుల్లోడు | శనివారం, ఉదయం 10:40

పాతకాగితం గారూ, మీరు చదివింది మా ఇంటి పెరటి సంగతి. మాది పెడన పక్కన. మా చిన్నాన్న అద్దకం పనే చేసేవాడు.

ఇప్పటికీ మొదలు కరక్కాయే, గేదె పాలే. పాలు సరిగ్గా పట్టకపోతే అచ్చు వేసిన చోట రంగు పాకిపోతుంది. నల్లరంగు అంటే పాత ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి కుండలో ఊరబెట్టిందే. దాని వాసన మీకు ఉత్తరంలో రాదు కదా. టేకు అచ్చులు. అద్దిన గుడ్డని కాలవలో పారే నీళ్ళలోనే జాడించాలి. నిలవ నీళ్ళలో జాడిస్తే ఊడిన పటిక పక్క తెల్లభాగానికి అంటుకుని మచ్చలు పడతాయి. ఆ తర్వాత పెద్ద రాగి డేగిసాలో జాజాకు వేసి ఉడకబెట్టడం. పొయ్యి దగ్గర నిలబడి కర్రతో తిప్పుతూనే ఉండాలి, ఒకచోట ఎక్కువ కాగిందా ఎరుపు ఎగుడుదిగుడు అయిపోతుంది.

ఒక్కటి మాత్రం మారింది. మీ పాదరీ చెప్పిన చిరివేరు, అంటే ఎరుపునిచ్చే మొక్క వేరు, ఇప్పుడు దాదాపు ఎవరూ వాడరు. ఎరుపుకి చాలాచోట్ల అలిజరిన్ అనే ఫ్యాక్టరీ రంగు వేస్తారు. పటిక, కరక్కాయ, జాజాకు పాతవే, అసలు ఎరుపు మాత్రం డబ్బాలోంచి వస్తుంది. 'పూర్తిగా సహజ రంగులు' అని చీటీ అంటించి అమ్మేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. హైదరాబాద్ లో ఒక పెద్ద షోరూములో స్క్రీన్ ప్రింటు చీరని కలంకారీ అని మా ఆవిడకి అంటగట్టబోయారు. వెనక్కి తిప్పి చూపించి, రంగు గుడ్డలోకి దిగలేదు చూడండమ్మా అంటే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

రసాయనం_మాస్టారు | శనివారం, మధ్యాహ్నం 12:05

బుల్లోడు చెప్పినదానికి కాస్త లోపలి కారణం చెబుతాను.

నూలుకి ఎర్రరంగులంటే పడదు. ఉన్ని, పట్టు తేలిగ్గా తాగేస్తాయి, నూలు తాగదు. మధ్యలో ఒక లోహం కావాలి. పటికలోని అల్యూమినియం పోగుకి అతుక్కుంటుంది, వేరులోని అలిజరిన్ దాన్ని పట్టుకుంటుంది. అక్కడ ఇనుము ఉంటే అదే వేరు నలుపు వైపు తిరుగుతుంది. అంటే ఒకే కాగులో ముంచిన గుడ్డ మీద ఎరుపు, నలుపు, ఊదా మూడూ వస్తాయి. అద్దకందారు అచ్చుతో అద్దేది రంగు కాదు, రంగు వచ్చే చోటు. అద్దేటప్పుడు పటిక నీళ్ళు కంటికి ఆనవు కూడా, అందుకే గుర్తు కోసం ఏదో ఒక రంగుపొడి కలుపుతారు.

కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం లోహాన్ని పట్టి ఉంచుతుంది. పాలల్లో కొవ్వు ద్రవం పాకకుండా ఆపుతుంది. ఉడికాక గుడ్డంతా ఎర్రబారి ఉంటుంది, అప్పుడు పేడనీళ్ళలో నానబెట్టి ఎండలో పరిచి తడుపుతూ ఉంటే లోహం లేని చోట ఎరుపు పోయి తెలుపు తేలుతుంది.

ఇక చిరివేరు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట, నిజాంపట్నం వైపు ఇసక నేలల్లో పెరిగిన వేరుకి పెట్టింది పేరు. డచ్చివాళ్ళు 1606కల్లా అక్కడా బందరులోనూ కొట్లు పెట్టుకున్నారంటే ఊరికే కాదు. ఆ నేలల్లో ఆల్చిప్పల సున్నం ఉంటుంది, మంచి ఎరుపుకి కాల్షియం కావాలి. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయనవేత్తలు, గ్రేబే, లీబర్మన్, అలిజరిన్ ని ప్రయోగశాలలో చేసేశారు. కొద్ది ఏళ్ళకే అది ఫ్యాక్టరీ సరుకు అయింది. అక్కడితో చిరివేరు సాగు పోయింది. వేరులో ఉన్నదీ డబ్బాలో ఉన్నదీ ముఖ్యంగా ఒకే పదార్థం బుల్లోడూ, కాబట్టి మరీ అంత నవ్వక్కర్లేదు. వేరులో దానితో పాటు ఉండే మిగతా రంగుల వల్ల వచ్చే లోతు మాత్రం డబ్బాలో దొరకదు.

సిలికాన్_సీతయ్య | శనివారం, రాత్రి 9:30 (ఇక్కడ ఉదయం)

ఇదంతా చదువుతుంటే మండిపోతోంది. అంటే ఆ పాదరీ మతం పేరు చెప్పి మన టెక్నాలజీ కొట్టేశాడన్నమాట. వాళ్ళు ఇండస్ట్రియల్ రెవల్యూషన్ చేసుకున్నారు, మనం ముష్టివాళ్ళమయ్యాం. పైగా మన నేతగాళ్ళ బొటనవేళ్ళు నరికేశారు. ఇది స్కూల్లో ఎందుకు చెప్పరు?

గుంటూరు_టీచరమ్మ | ఆదివారం, ఉదయం 7:50

సీతయ్య గారూ, స్కూల్లో చెప్పేదాన్నే నేను, కాబట్టి జవాబు నా వంతు.

ముందు బొటనవేళ్ళు. ఈ మాటకి మూలంగా చూపించేది 1772లో విలియం బోల్ట్స్ రాసిన పుస్తకం. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా ఉండి, గొడవపడి, బెంగాల్ నుంచి వెళ్ళగొట్టబడ్డవాడు. కంపెనీ మీద కసి ఉంది. అలాంటివాడు కూడా రాసింది ఏమిటంటే, ముడిపట్టు చుట్టేవాళ్ళ చేత బలవంతంగా పని చేయించుకుంటుంటే, తప్పించుకోవడానికి వాళ్ళే తమ బొటనవేళ్ళు కోసుకున్న సందర్భాలు ఉన్నాయని. మగ్గం నేసేవాళ్ళు కారు, నరికింది తెల్లవాళ్ళూ కారు. నన్నడిగితే అసలు మాటే ఇంకా భయంకరం. ఒక మనిషి తన కూడు పెట్టే వేలు తానే కోసుకునేంతగా పీడించారంటే దానికి మళ్ళీ కల్పన అవసరమా? కానీ వాట్సాప్ కి అది చాలదు.

రెండోది, ఆ పాదరీ. కేర్దూ తన ఉత్తరంలో దాచకుండా చెప్పాడు, కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకందార్లని అడిగి తెలుసుకున్నానని. వాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. నాకు బాధ కలిగించేది అది. ఈయన తెలుగు నేర్చినవాడు, నిఘంటువు పని కూడా చేశాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకీ చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో ప్రకటించడానికి ముందే పారిస్ పండితులకి రాసి పంపాడు. అదీ పక్కన పడేశారు లెండి. వట్టి దొంగ అని చెప్పి వదిలేయదగ్గ మనిషి కాదు.

మూడోది అసలైనది. మన బట్టలు పోయింది రహస్యం బయటపడ్డందుకా, చట్టాల వల్లా? ఫ్రాన్సు 1686లోనే అద్దకం బట్టలు నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో రంగు బట్టల దిగుమతి ఆపింది. అదీ చాలక 1721లో అద్దిన నూలు బట్టలు ఒంటి మీద వేసుకోవడమే నేరం చేస్తూ ఇంకో చట్టం తెచ్చింది. ఆ ఉత్తరం వెళ్ళేనాటికి తలుపులు మూసి చాలా ఏళ్ళయింది.

సిలికాన్_సీతయ్య | ఆదివారం, ఉదయం 8:45

టీచర్ గారూ, చట్టాల సంగతి ఒప్పుకుంటాను. కానీ రెసిపీ వాళ్ళ చేతికి వెళ్ళకపోతే తలుపులు మూసి ఏం లాభం? మూసిన తలుపు వెనక వాళ్ళు తయారు చేసుకోగలిగారు కాబట్టే కదా.

ఆర్మూరు_అన్న | ఆదివారం, ఉదయం 11:20

సీతయ్య అన్నా, రెసిపీ తెలిస్తే సరుకు వస్తుందనుకుంటే మా కోనసముద్రం ముచ్చట వినాలె.

నిజామాబాద్ జిల్లాల, కమ్మర్‌పల్లి దగ్గర ఊరది. డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా చెప్పుకునే కత్తులకి ఉక్కు పంపిన ఊర్లల్ల ఇదొకటి. నేను ఈ మధ్య చదివింది హెన్రీ వోయిసీ రాసిన చిన్న రిపోర్టు. ఆయన దేశాన్ని కొలిచిన లాంబ్టన్ సర్వే దళంల డాక్టరు, రాళ్ళ శాస్త్రం తెలిసినవాడు. 1824ల చనిపోయిండు, ఈ రిపోర్టు 1832ల కలకత్తాల అచ్చయింది. నాలుగైదు పేజీలే.

అందుల చెప్తడు. రెండు రకాల ఇనుము, మెట్‌పల్లి వైపుది ఒకటి, కొండాపూర్ ది ఇంకొకటి, కలిపి మట్టి మూసలల్ల పెట్టి మూత వేసి కొలిమిల ఒక పగలూ రాత్రీ కాలుస్తరు. మూసల్ని కొలిమిల్నే నెమ్మదిగ చల్లారనిస్తరు. బయటికి తీసిన ముద్దని మళ్ళ మళ్ళ వేడిచేసి మెత్తపరుస్తరు. ఇదంతా ఒక ఎత్తు. వోయిసీకి అక్కడ పర్షియాల ఉన్న ఇస్పహాన్ నుంచి వచ్చిన ఒక హాజీ కనబడ్డడు. ఉక్కు కొనడానికి అంత దూరం నుంచి వచ్చి అక్కడ్నే మకాం పెట్టిండు. ముద్దల్ని దగ్గరుండి తూకం వేయించుకుంటడు, పరీక్ష చేయించుకుంటడు. ఆయన చెప్పిందేందంటే, ఈ పని పద్ధతి మా పర్షియావాళ్ళకి ఎరికే, అక్కడ చేద్దామని చూసినం, కాలేదు అని.

ఎన్నో తరాలు వచ్చి పోయిన్లు, కళ్ళతోని చూసిన్లు, ఎవ్వలూ దాచలే. అయినా కాలే. మా దగ్గర గుట్టల కింద ఇప్పటికీ ఇనుప చిట్టెం కుప్పలు కనబడతయి. రోడ్డు పనులకి ట్రాక్టర్లల్ల ఎత్తుకపోతుంటే ఎవ్వలూ అడ్డం పోరు, అది వేరే ముచ్చట.

రసాయనం_మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఆర్మూరు అన్న మంచి చోటికి తెచ్చాడు.

1790ల్లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు ఈ ఉక్కు ముద్దలు లండన్ పంపాడు. 1795లో రాయల్ సొసైటీలో దాని మీద పత్రం చదివారు. తర్వాత మైకేల్ ఫారడే, అంతటివాడు, 1819 నుంచి కొన్నేళ్ళు స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దీని వెంట పడ్డాడు. ఫారడే స్వయానా కమ్మరి కొడుకు. మొదట అల్యూమినియం వల్ల ఈ గుణం వచ్చిందనుకున్నాడు, అది తప్పుదారి. కానీ ఆ వెతుకులాటలో ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూడటం మొదలైంది. మిశ్రమ ఉక్కుల చరిత్రలో అదొక మొదటి అడుగు అంటారు. రష్యాలో అనోసోవ్ ఇంకో వైపు నుంచి ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు.

కత్తి మీద ఆ నీటి అలల గీతలు ఎందుకు వస్తాయో 1990ల్లో అమెరికాలో ఒక ప్రొఫెసరూ ఒక కత్తుల కమ్మరీ కలిసి పనిచేశాక కాస్త తేలింది. ఖనిజంలో చాలా కొద్దిగా వనేడియం లాంటిది ఉంటేనే, పదే పదే వేడిచేసి సాగగొట్టినప్పుడు కార్బైడు రేణువులు వరసలు కడతాయట. ఆ ఖనిజం అయిపోతే లేదా మారిపోతే, చేతులు అవే, పద్ధతి అదే, గీతలు మాత్రం రావు. ఎందుకు రావట్లేదో కమ్మరికీ తెలియదు.

చిరివేరు కథ కూడా ఇంచుమించు ఇదే. ఉత్తరం చదివి యూరపులో ఎవరూ మన పద్ధతిలో అద్దకం చేసి మనల్ని ఓడించలేదు. అంతమంది చేతులు, అంత చవక కూలి, అంత ఎండ వాళ్ళకి లేవు. వాళ్ళు పటిక, ఇనుము సంగతి పట్టుకుని, మిగతాది వదిలేసి, 1752లో ఐర్లండులో రాగి పలకలతో, 1783లో స్కాట్లండువాడు బెల్ రోలరుతో అచ్చు వేయడం మొదలుపెట్టారు. గుడ్డ తిరుగుతూ ఉంటుంది, బొమ్మ పడుతూ ఉంటుంది. పోటీ అక్కడ వచ్చింది.

బందరు_బుల్లోడు | ఆదివారం, మధ్యాహ్నం 3:02

మాస్టారూ, ఒక్క మాట. పోటీలో ఓడాం అంటే మా వాళ్ళు ఏదో నిద్రపోయారన్నట్టు ఉంటుంది. తీరంలో ఒక్కసారి ఏం జరిగిందో కూడా కలపండి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరుని ఊడ్చేసింది. ముప్పై వేల మంది దాకా పోయారంటారు. అచ్చులు పోయాయి, అచ్చులు చెక్కేవాళ్ళూ పోయారు. నాలుగేళ్ళకి జర్మనీ రంగు. ఎవడు నిలబడతాడండి?

అయినా పర్షియాకి జానమాజులూ (నమాజు చేసేటప్పుడు పరుచుకునేవి) పరదాలూ చాలాకాలం వెళ్తూనే ఉండేవి. ఇప్పటికీ పాత డిజైన్లలో ఆ సరు (సైప్రస్) చెట్టు, మసీదులో ఉండే ఆ మిహ్రాబు కమాను కనబడతాయి. ఇక్కడ బాతు, మావిడి పిందె. అన్నీ ఒకే దుప్పట్లో.

కొత్తగా_చేరాను | ఆదివారం, సాయంత్రం 6:18

నమస్తే అందరికీ. బీటెక్ మూడో సంవత్సరం. మెటలర్జీలో ఇవేవీ మాకు చెప్పలేదు, సిలబస్ లో ఒక్క లైను ఉంది, 'ప్రాచీన భారతీయ ఉక్కు' అని, అంతే. పరీక్షలో రెండు మార్కులు. ఈ రిపోర్టులు, ఉత్తరాలు ఎక్కడ దొరుకుతాయి? తెలుగులో చదవదగ్గవి ఏమైనా ఉన్నాయా? ఇంగ్లీషులో పాత భాష అంటే నాకు టెన్షన్.

పాతకాగితం | ఆదివారం, రాత్రి 8:40

తమ్ముడూ, ఆసియాటిక్ సొసైటీ పాత సంచికలు ఆర్కైవ్ సైటులో ఉచితంగా ఉన్నాయి. స్కాను చేసినవి కాబట్టి ఊరి పేర్లు అడ్డదిడ్డంగా ఉంటాయి. కోనసముద్రం అని వెతికితే దొరకదు, అప్పటి తెల్లవాళ్ళ వరసలో నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి. భాషకి భయపడొద్దు, పని గురించి రాసినవాళ్ళు సూటిగానే రాస్తారు.

తెలుగులో అయితే ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్రతో మొదలుపెట్టమంటాను. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830 మేలో బయల్దేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ దారిన 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్ళో ఏ సామాను దొరుకుతుంది, నీళ్ళు ఎలా ఉంటాయి, ఏ నాణెం చెల్లుతుంది, ఎక్కడ సుంకం అడుగుతారు, ఇవే ఎక్కువ. రైలు రాకముందు దేశం ఎలా నడిచేదో తెలియాలంటే దీన్ని మించింది నాకు కనబడలేదు. వికీసోర్సులో ఉంది.

గుంటూరు_టీచరమ్మ | ఆదివారం, రాత్రి 9:25

నేనూ అదే చెబుదామనుకున్నాను. కాకపోతే పల్లకీలో కూర్చున్నాయన రాసిన పుస్తకం అని గుర్తుపెట్టుకుని చదువు నాన్నా. ఆయనతో పరివారం వంద మంది దాకా ఉన్నారు. మోసిన బోయీలు ఎంత చెమటోడ్చారో వాళ్ళ వైపు నుంచి మనకి కాగితం లేదు. బోయీల జీతాల సంగతి, ఏ దారి వాళ్ళకి కష్టమో ఆయన రాశాడు, అదీ దయే. చాలామంది అంత కూడా రాయలేదు.

ఇంకోటి, మీ ఊరి కైఫియత్తు, అంటే పాతకాలంలో రాయించిన ఊరి చరిత్ర, ఉందేమో చూడు. సర్వే అధికారి మెకంజీ దొర కింద ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఊరూరా కరణాల్ని అడిగి రాయించినవి. చెరువు ఎవరు తవ్వించారు, గుడి మాన్యం ఎవరిది, ఏ కులంవాళ్ళకి ఏ హక్కు. కడప జిల్లావి సంపుటాలుగా అచ్చయ్యాయి. రాసినవాడు కరణం కాబట్టి కరణానికి అనుకూలమైన గతమే ఉంటుంది, ఆ మాట మర్చిపోకు. నా క్లాసు పిల్లలకి ఒకసారి ఒక కైఫియత్తు ఇచ్చి, ఇందులో ఎవరు మాట్లాడలేదో చెప్పండి అన్నాను. వెనక బెంచీ అమ్మాయి లేచి 'చెరువు తవ్వినోళ్ళు' అంది.

సిలికాన్_సీతయ్య | సోమవారం, ఉదయం 6:55

అందరి మాటలూ చదివాను. నా కోపం అయితే తగ్గలేదు, వైపు మారింది. పాదరీ మీదా ఫారడే మీదా నింద వేస్తున్నాం సరే, అద్దకందారు పేరు మన పద్యాల్లో ఎక్కడ ఉంది? కోనసముద్రం కమ్మరి మీద ఏ సంస్థాన కవీ నాలుగు పేజీలు రాయలేదే? ఆ గేదె పాల సంగతి రాయడానికి ఫ్రాన్సు నుంచి మనిషి రావాలా? టీచర్ గారు దీనికి కూడా సమాధానం చెప్పాలి.

ఆర్మూరు_అన్న | సోమవారం, ఉదయం 7:30

అన్నా, కమ్మరి రాస్తే చదివేవాడెవడు అప్పట్ల. కొడుక్కి చెప్తడు, అల్లునికి చెప్తడు, అయిపాయె. బయటోనికి ఎందుకు రాసి ఇస్తడు, అది వాని బువ్వ.

గుంటూరు_టీచరమ్మ | సోమవారం, ఉదయం 7:58

సీతయ్య గారూ, అన్న చెప్పింది సగం. రెండో సగం, చేతిపని చేసేవాడికి అక్షరం అందనివ్వలేదు, అక్షరం ఉన్నవాడు చేతిపని ముట్టుకోలేదు. కరణం చెరువు ఆదాయం రాశాడు, తూము ఎలా కట్టారో రాయలేదు. బడికి టైమైంది, మిగతాది సాయంత్రం.

రసాయనం_మాస్టారు | సోమవారం, ఉదయం 8:20

బుల్లోడూ, మీ చిన్నాన్న ఇప్పుడున్నారా? ఉంటే ఎండాకాలం సెలవుల్లో పెడన వస్తాను. నల్లరంగు కుండ ఎన్నాళ్ళు ఊరబెడతారు, అయిందని ఎలా కనిపెడతారు, ఈ రెండూ ఆయన నోటనే వినాలి. ఈ బీటెక్ కుర్రాణ్ణి కూడా తీసుకొస్తా, ఫోన్లో రికార్డు చేస్తాడు.

బందరు_బుల్లోడు | సోమవారం, ఉదయం 9:05

ఉన్నాడండి, నిక్షేపంలా. రండి. కానీ సెలవుల్లో వస్తే లాభం లేదు, అప్పుడు కాలవ కట్టేస్తారు, జాడించే పని ఉండదు. నీళ్ళు వదిలాక రండి. ఇంకోటి, కుండ అయిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే ఆయన 'నాలిక మీద పెట్టుకో' అంటాడు. కుర్రాడికి ముందే చెప్పి తీసుకురండి.